సొంత కొలతల సైకిల్ ఫ్రేమ్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలను ఎంచుకోవడం ఎలా

కొలతలిచ్చి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రేమ్ చేయించుకోవాలనుకునేవారిలో చాలామంది గొట్టం పేరుతో మొదలుపెడతారు. రేనాల్డ్స్ సంస్థ గొట్టం 953 మేలా, కొలంబస్ సంస్థ గొట్టం ఎక్స్‌సిఆర్ మేలా అన్న ప్రశ్న చుట్టూ నెలల తరబడి తిరుగుతారు. తమ బరువెంత, తొక్కే దారి ఎలాంటిది, ఫ్రేమ్‌ను అతికేది ఎవరు, ఏ పద్ధతిలో అన్న విషయాలు వారికి చివరన గుర్తుకొస్తాయి. ఈ వరుస తిరగబడాలన్నది నా గట్టి అభిప్రాయం. ముందు వాడకం తేలాలి, ఆ తర్వాత గొట్టం వ్యాసం, గోడ మందం, ఆపైన అతికే పద్ధతి తేలాలి. ఇవన్నీ తేలాక మిశ్రలోహం పేరు గురించి పెద్దగా తేల్చుకోవలసింది మిగలదు. ఫ్రేమ్ బిల్డర్‌కు ఆర్డర్ ఇవ్వబోయేవారికీ, లోహపు పని కొంత వచ్చి స్వయంగా చేసుకోదలచినవారికీ ఇదే వరుస పనికొస్తుంది.

మొదట: స్టెయిన్‌లెస్ ఎందుకో తేల్చుకోండి

స్టెయిన్‌లెస్ ఇచ్చే ప్రధాన లాభం తుప్పు నుంచి రక్షణ. మామూలు ఉక్కు ఫ్రేమ్ బయట రంగు చెక్కుచెదరకుండా ఉన్నా లోపల నుంచి తుప్పు పడుతుంది. సీటును నిలిపే సీట్ పోస్ట్ పక్కనుంచి దిగిన వాననీరు, సీటు నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పై గొట్టమైన టాప్ ట్యూబ్ మీద కారిన చెమట, గొట్టాల లోపల చేరిన తేమ అన్నీ కలిసి పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ దగ్గర చేరతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉండేవారికి ఈ రక్షణ విలువ మరీ ఎక్కువ. రంగు వేయకుండా లోహాన్ని మెరుగుపెట్టి అలాగే ఉంచుకునే వీలు రెండో లాభం. గీత పడితే మళ్లీ రుద్ది సరిచేసుకోవచ్చు.

స్టెయిన్‌లెస్ వల్ల ఫ్రేమ్ మరింత బిగువుగా ఉంటుందనో, ప్రయాణం మెత్తగా సాగుతుందనో ఆశిస్తే మాత్రం నిరాశే మిగులుతుంది. లోహం తనంతట తాను వంగకుండా నిలబడే గుణాన్ని యంగ్స్ మాడ్యులస్‌తో కొలుస్తారు. మామూలు ఉక్కుకు అది సుమారు 205 గిగాపాస్కల్‌లు, స్టెయిన్‌లెస్ రకాలకు 190 నుంచి 200 వరకు. సాంద్రతలో కూడా తేడా స్వల్పమే. అంటే ఒకే వ్యాసం, ఒకే మందం ఉన్న క్రోమ్‌మాలి (క్రోమియం, మాలిబ్డినం కొద్దిగా కలిసిన మామూలు ఫ్రేమ్ ఉక్కు) గొట్టమూ స్టెయిన్‌లెస్ గొట్టమూ దాదాపు ఒకేలా వంగుతాయి, దాదాపు ఒకే బరువు తూగుతాయి. అసలు తేడా బలంలో ఉంది. అంటే శాశ్వతంగా వంగిపోయే ముందు, తెగిపోయే ముందు లోహం ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందన్న లెక్కలో ఉంది. ఆ బలం ఎక్కువైతే గోడను పలచన చేయవచ్చు, దాంతో బరువు తగ్గుతుంది. ఖరీదైన స్టెయిన్‌లెస్ గొట్టాలు తేలికగా ఉండటానికి కారణం ఇదే.

తుప్పు భయం ఒక్కటే మీ కారణమైతే, మంచి క్రోమ్‌మాలి గొట్టాలతో ఫ్రేమ్ చేయించి, చక్రం బిగించే డ్రాపౌట్‌లను మాత్రం స్టెయిన్‌లెస్‌వి పెట్టించి, గొట్టాల లోపల తుప్పు నిరోధక నూనె పోయించుకోవడం చాలా తక్కువ ఖర్చులో అయ్యే సరైన పరిష్కారం. రంగు మొదట చెక్కుకుపోయేది చక్రం బిగించే చోటే కాబట్టి, ఆ ఒక్క మార్పు వల్ల కూడా చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉంటుంది.

రెండోది: వాడకాన్ని కాగితం మీద పెట్టండి

మీ బరువు, మోసే సామాను బరువు, ఫ్రేమ్ సైజు, టైరు వెడల్పు, బ్రేకు రకం, దారి తీరు రాసుకోండి. ఈ ఆరూ లేకుండా ఏ బిల్డరూ నిజాయితీగా గొట్టాలు సూచించలేడు. పొడవాటి ఫ్రేమ్‌లో గొట్టాలు కూడా పొడవై మరింత వంగుతాయి కాబట్టి, బరువు ఒకటే అయినా ఆరడుగుల మనిషికి పెట్టే గొట్టాలు ఐదడుగుల మనిషికి పెట్టేవాటికన్నా లావుగా ఉండాలి. వెనక క్యారియర్ మీద సామాను మోసే సైకిల్‌కు టాప్ ట్యూబ్ సన్నగా ఉంటే, చేతులు వదిలి తొక్కినప్పుడో ఏటవాలులో వేగంగా దిగినప్పుడో ముందు భాగం ఊగుతుంది. డిస్క్ బ్రేకు పెడితే వెనక చక్రాన్ని పట్టే ఎడమవైపు చైన్ స్టే (కింది గొట్టం), సీట్ స్టే (పై గొట్టం), ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కాళ్ల మీద రిమ్ బ్రేకులో లేని ఒత్తిడి పడుతుంది.

మూడోది: వ్యాసం, ఆ తర్వాత మందం

ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే కనుక కాస్త నెమ్మదిగా చదవండి. పలచని గొట్టం వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసార్ధం ఘనాన్ని బట్టి, గోడ మందాన్ని బట్టి మారుతుంది. మందం రెట్టింపైతే బిగువు రెట్టింపవుతుంది. వ్యాసం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. 28.6 మి.మీ. వ్యాసం, 0.5 మి.మీ. మందం ఉన్న గొట్టానికి బదులు అదే మందంలో 31.8 మి.మీ. గొట్టం వేస్తే వ్యాసం పెరిగింది 11 శాతమే అయినా బిగువు దాదాపు 38 శాతం పెరుగుతుంది.

ఇంకో లెక్క చూడండి. 28.6 మి.మీ. గొట్టాన్ని 0.7 మి.మీ. మందంతో తీసుకుంటే మీటరుకు సుమారు 480 గ్రాములు తూగుతుంది. 31.8 మి.మీ. గొట్టాన్ని 0.5 మి.మీ. మందంతో తీసుకుంటే సుమారు 385 గ్రాములే తూగుతుంది. రెండింటి బిగువు దాదాపు సమానం. బరువులో ఐదో వంతు తగ్గినా ఫ్రేమ్ తీరు మారలేదన్నమాట. మరి అందరూ లావుపాటి పలచని గొట్టాలే ఎందుకు వాడరంటే, పలచని గోడకు సొట్ట త్వరగా పడుతుంది. మందం తగ్గేకొద్దీ సొట్టను తట్టుకునే శక్తి అంతకన్నా వేగంగా తగ్గుతుంది. వ్యాసం గోడ మందానికి 50 రెట్లు దాటకూడదన్నది లోహపు ఫ్రేములు చేసేవారు చాలాకాలంగా పాటించిన కొండగుర్తు. పై రెండు గొట్టాల్లో మొదటిది 41 రెట్లు, రెండోది 64 రెట్లు. చాలా బలమైన ఉక్కు అయితేనే ఈ గీతను దాటే ధైర్యం చేయవచ్చు. అధిక బలపు స్టెయిన్‌లెస్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

ఉక్కు ఫ్రేములకు మూడు కొలతల వరుసలు వాడుకలో ఉన్నాయి. పాత వరుసలో టాప్ ట్యూబ్ 25.4, హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ల వైపు దిగే డౌన్ ట్యూబ్ 28.6 మి.మీ.; దాని తర్వాత వచ్చిన ఓవర్‌సైజ్ వరుసలో 28.6, 31.8; ఇంకా పెద్ద వరుసలో 31.8, 35 మి.మీ. సీటు కింది నిలువు గొట్టమైన సీట్ ట్యూబ్ చాలావరకు 28.6 మి.మీ. దగ్గరే ఉంటుంది. నా అంచనాలో 65 కిలోల లోపు బరువుండి, సామాను లేకుండా తొక్కేవారికి నడుమ 0.5 మి.మీ. మందమున్న ఓవర్‌సైజ్ వరుస చక్కగా సరిపోతుంది. 85 కిలోలు దాటినవారు, సామాను మోసేవారు ముందు డౌన్ ట్యూబ్‌ను 35 మి.మీ.కు పెంచి, ఆ తర్వాతే మందం సంగతి ఆలోచించాలి. రైళ్లలో, బస్సుల డిక్కీల్లో సైకిల్‌ను వేసుకువెళ్లేవారు 0.4 మి.మీ. కన్నా పలచని టాప్ ట్యూబ్‌ను తీసుకోకపోవడం మంచిది. హ్యాండిల్ బార్ తిరిగి తగిలినా అక్కడ గుంట పడుతుంది, పలచని గొట్టంలో ఆ గుంటను పైకి లాగడం సాధ్యం కాదు.

మందాన్ని ఒక్క అంకెతో చెప్పరు. చివరలు మందంగా, నడుమ పలచగా లాగిన గొట్టాన్ని బటెడ్ గొట్టం అంటారు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో దీనికి పేటెంటు పొందాడు, సంస్థకు ఆ పేరే నిలిచింది. పట్టికలో 0.8/0.5/0.8 అని ఉంటే చివరల్లో 0.8, నడుమ 0.5 అని అర్థం. అతుకు వేడి లోహాన్ని బలహీనపరుస్తుంది కనుక ఆ చోట మందం కావాలి. అందుచేత మందపు భాగం ఎంత పొడవుంది, ఎక్కడ పలచబడటం మొదలవుతుంది, ఏ చివరను కోయవచ్చు అన్న మూడు విషయాలూ తయారీదారు పట్టికలో చూడకుండా గొట్టం కొనకండి. చిన్న సైజు ఫ్రేమ్‌కు పొడవాటి గొట్టాన్ని ఒకేవైపు నుంచి ఎక్కువగా కోస్తే మందపు భాగమంతా పోయి, అతుకు నేరుగా పలచని గోడ మీద పడుతుంది. ఆ ఫ్రేమ్ కొంతకాలానికి హ్యాండిల్ కింది పొట్టి గొట్టమైన హెడ్ ట్యూబ్ వెనకో, బాటమ్ బ్రాకెట్ పైనో పగులుతుంది.

నాలుగోది: బజారు పైపుతో పని కాదు

రెయిలింగులకు, గేట్లకు వాడే స్టెయిన్‌లెస్ పైపు మన ఊళ్లలో ప్రతి ఉక్కు దుకాణంలోనూ దొరుకుతుంది కాబట్టి, దానితో ఫ్రేమ్ చేయకూడదా అని అడిగేవారు ఉన్నారు. చేయకూడదు. ఆ పైపుల్లో ఎక్కువ భాగం 304 రకం, లేదా నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 వంటి చౌక రకం. మెత్తబరచిన స్థితిలో 304 రకపు గొట్టానికి శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి కనీసం 205 మెగాపాస్కల్‌లని, తెగిపోయే ఒత్తిడి కనీసం 515 అని ప్రమాణాలు చెబుతాయి. సాధారణ క్రోమ్‌మాలి ఫ్రేమ్ గొట్టాలు తెగేది సుమారు 700 నుంచి 900 మధ్య. 304తో అంత భద్రత రావాలంటే గోడను బాగా మందం చేయాలి, అప్పుడు ఫ్రేమ్ మోయలేని బరువవుతుంది. పైగా ఆ పైపులో పొడవునా ఉండే అతుకు అలంకారానికి సరిపడేలా వేసింది. లక్షల సార్లు వంగి లేచే పనికి దాన్ని ఎవరూ పరీక్షించలేదు.

అయస్కాంతం అంటుకోకపోతేనే అసలైన స్టెయిన్‌లెస్ అన్న నమ్మకాన్ని కూడా ఇక్కడ పక్కన పెట్టాలి. చౌక రకమైన 202కు అయస్కాంతం అంటదు; అన్నిటికన్నా ఖరీదైన 953, ఎక్స్‌సిఆర్ గొట్టాలకు గట్టిగా అంటుకుంటుంది. అయస్కాంతం చెప్పేది లోహం లోపలి స్ఫటిక నిర్మాణం గురించే. నాణ్యత గురించి దానితో ఏమీ తేలదు.

మన ప్రాంతంలో లోహవిద్యకు కొదవ లేదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్ అంతరిక్ష ప్రయోగాల కోసం మారేజింగ్ ఉక్కును (వేడిలో కొంతసేపు ఉంచి బాగా బలపరిచే రకం) తయారుచేస్తుంది. అదే నగరంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అతుకు లేని స్టెయిన్‌లెస్ గొట్టాలను లాగుతుంది. అయినా సైకిల్ కోసం చివరలు మందంగా, నడుమ అర మిల్లీమీటరు మందంతో లాగిన స్టెయిన్‌లెస్ గొట్టాలను మాత్రం సాధారణంగా రేనాల్డ్స్ ఉన్న బర్మింగ్‌హామ్ నుంచో కొలంబస్ ఉన్న మిలాన్ వైపు నుంచో తెప్పించుకోవాలి. ధర చూసుకునేటప్పుడు రవాణా ఖర్చును, దిగుమతి సుంకాన్ని కలిపి చూసుకోండి.

ఐదోది: ఏ కుటుంబపు ఉక్కు

ఇప్పుడు పేర్ల దగ్గరికి రావచ్చు. సైకిల్ గొట్టాల్లో కనిపించే స్టెయిన్‌లెస్‌ను రెండు పెద్ద కుటుంబాలుగా చూస్తే సరిపోతుంది.

మొదటిది ఆస్టెనిటిక్ కుటుంబం. రేనాల్డ్స్ 921 ఈ కోవలోది. దీనికి మూలమైన 21-6-9 ఉక్కులో 21 శాతం క్రోమియం, 6 శాతం నికెల్, 9 శాతం మాంగనీసు ఉంటాయి. విమానాల హైడ్రాలిక్ గొట్టాలకు ఈ ఉక్కును చాలాకాలంగా వాడుతున్నారు. చల్లగా లాగడం వల్ల బలం వస్తుంది, తుప్పును బాగా ఆపుతుంది, అతకడంలో మొండితనం తక్కువ. తక్కినవాటితో పోలిస్తే గోడ కాస్త మందంగా ఉంటుంది. దూరప్రయాణాలకు, రోజువారీ వాడకానికి, మొదటిసారి స్టెయిన్‌లెస్‌తో పనిచేసేవారికి నేను ముందుగా సూచించేది ఈ కుటుంబాన్నే.

రెండోది మార్టెన్‌సిటిక్ కుటుంబం. ఇందులో కొలంబస్ ఎక్స్‌సిఆర్ అతుకు లేకుండా లాగిన గొట్టం. తెగే బలం 1250 నుంచి 1350 మెగాపాస్కల్‌లని తయారీదారు చెబుతాడు. రేనాల్డ్స్ 953 మారేజింగ్ తరహా ఉక్కు. దానికి 1750 నుంచి 2050 వరకు చెబుతారు, గోడ 0.3 మి.మీ. వరకు పలచబడుతుంది. రేనాల్డ్స్ 931 కూడా ఈ వైపుదే, కాని అంత తీవ్రమైనది కాదు. బలం పెరిగేకొద్దీ మొండితనమూ పెరుగుతుంది. 953ను కోయడానికి మామూలు హోల్ సా (గుండ్రని రంపం) పళ్లు నిలవవు, ఆకురాయి జారిపోతుంది, అతికాక ఫ్రేమ్ ఒకవైపు లాగితే వంచి సరిచేయబోయినా స్ప్రింగులా వెనక్కి వస్తుంది. అందుచేత దీన్ని అడిగే ముందు, ఆ గొట్టంతో అంతకుముందు పనిచేశారా అని బిల్డర్‌ను సూటిగా అడగండి. చేయకపోతే, ఆ బిల్డర్ చేతికి అలవాటైన ఎక్స్‌సిఆరో 921ఓ మీకు మరింత మంచి ఫ్రేమ్ ఇస్తుంది.

తుప్పు విషయంలో ఈ రెండో కుటుంబం 304 అంత గట్టిది కాదని కూడా తెలిసి ఉండాలి. ఉక్కును స్టెయిన్‌లెస్ అనడానికి కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. మారేజింగ్ తరహా స్టెయిన్‌లెస్‌లో అది 12 శాతం దగ్గరే ఉంటుంది. రోజూ చెమట, ఉప్పుగాలి తగులుతూ తుడవకుండా వదిలేస్తే గోధుమరంగు మచ్చలు వస్తాయి. నునుపుగా మెరుగుపెట్టిన ఉపరితలం గరుకు ఉపరితలం కన్నా మచ్చలను బాగా ఆపుతుంది.

ఆరోది: అతికే పద్ధతికి తగిన గొట్టం

లగ్‌లతో (గొట్టాల చివరలు దూర్చే లోహపు తొడుగులతో) వెండి పూరకం, అంటే సందులో కరిగించి నింపే లోహం, వాడి అతకాలా, టిగ్ వెల్డింగ్ (విద్యుత్ మెరుపు వేడితో గొట్టాల అంచులనే కరిగించి కలపడం) చేయాలా అన్నది గొట్టం కొనకముందే తేలాలి. ఎందుకంటే లగ్‌లు నిర్ణీత వ్యాసాల్లోనే దొరుకుతాయి, వాటి కోణాలు కూడా మీ ఫ్రేమ్ కోణాలకు దగ్గరగా ఉండాలి.

టిగ్ పద్ధతిలో గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపి ఉంచాలి. అలా చేయకపోతే వేడెక్కిన క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అతుకు లోపలివైపు నల్లగా, గరుకుగా పొక్కుతుంది. పగుళ్లూ తుప్పూ మొదలయ్యేది అక్కడే. ఆర్గాన్ ప్రవహించడానికి గొట్టాల మధ్య రంధ్రాలు ముందే పెట్టుకోవాలి. పూరక తీగ ఏది వాడాలో గొట్టం తయారీదారు పత్రంలో ఉంటుంది, దానినే పాటించండి. ఆస్టెనిటిక్ ఉక్కు వేడిని మామూలు ఉక్కులో మూడో వంతు వేగంతోనే దాటిస్తుంది, వేడికి దానికన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కనుక వేడి ఒకేచోట నిలిచి గొట్టం పక్కకు లాగుతుంది. చిన్న చిన్న అతుకులుగా, ఎదురెదురు వైపుల మార్చి మార్చి వేయడం ఇందుకే.

వెండి పూరకం 650 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి పలచని గొట్టాలకు అది దయగల పద్ధతి. స్టెయిన్‌లెస్‌కు తగిన ఫ్లక్స్ (అతికేటప్పుడు లోహాన్ని శుభ్రంగా ఉంచే పూత) వాడాలి, లగ్ లోపల సందు మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉండాలి. ఒక జాగ్రత్త మాత్రం చాలామంది దృష్టికి రాదు: నికెల్ లేని వెండి పూరకంతో అతికిన కొన్ని స్టెయిన్‌లెస్ రకాల్లో, తడి ఎక్కువకాలం తగిలితే పూరకానికీ గొట్టానికీ మధ్య సన్నని గీతలా తుప్పు పాకి అతుకు విడిపోవచ్చు. వర్షంలో తిరిగే సైకిల్‌కు కొద్దిపాటి నికెల్ కలిసిన వెండి పూరకం అడగండి. ఇత్తడి పూరకానికి దూరంగా ఉండడమే మేలు. కరిగిన ఇత్తడి, ఒత్తిడిలో ఉన్న స్టెయిన్‌లెస్ లోపలికి చొచ్చుకుపోయి పగుళ్లు తెచ్చే ప్రమాదం ఉంది, దానికి కావలసిన వేడి కూడా చాలా ఎక్కువ.

ఏడోది: మిగతా భాగాలు

సీట్ ట్యూబ్ 28.6 మి.మీ. అయి, సీట్ పోస్ట్ 27.2 మి.మీ. అయితే పైచివర గోడ 0.7 మి.మీ. దాటకూడదు; అంతకన్నా పలచనైతే లోపల తొడుగు వేయించాలి. ఇప్పటి కార్బన్ ఫోర్కుల్లో చాలావాటి కాండం కింద లావుగా, పైన సన్నగా ఉంటుంది. అలాంటి ఫోర్కుకు 44 మి.మీ. లోపలి వ్యాసమున్న హెడ్ ట్యూబ్ తీసుకోండి. ఆ హెడ్ ట్యూబ్‌కు సన్నని టాప్ ట్యూబ్ చూపుకు అంతగా నప్పదు, కాని ఆ కారణంతో గొట్టం లావు పెంచకండి. బాటమ్ బ్రాకెట్‌కు 68 మి.మీ. వెడల్పున్న మరల రకమే తీసుకోండి. దాని విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

చైన్ స్టేలు కొనేటప్పుడు టైరుకూ క్రాంకుకూ కావలసిన సందును గీసి చూసుకోండి. క్రోమ్‌మాలి గొట్టాన్ని తర్వాత నొక్కి పల్లం చేసినట్టు అధిక బలపు స్టెయిన్‌లెస్‌ను చేయబోతే పగిలే అవకాశం ఉంది, అందువల్ల ముందే వంచి, నొక్కి ఇచ్చిన స్టేలనే తీసుకోవాలి. బాటిల్ బిగించే రంధ్రాలను పలచని నడుమ భాగంలో తొలవక తప్పదు కనుక, వాటి చుట్టూ చిన్న బలపు పట్టీ పెట్టి వెండితో అతికించమని చెప్పండి.

ఎనిమిదోది: గొట్టాలు చేతికి వచ్చాక

ప్రతి గొట్టాన్నీ తూకం వేసి పట్టికలోని బరువుతో పోల్చండి. చదునైన గాజు పలక మీద దొర్లించి వంకర చూడండి, రెండు చివర్ల మందాన్నీ మైక్రోమీటర్‌తో కొలిచి ఏ చివర ఎటు వెళ్లాలో గుర్తు పెట్టండి. మామూలు ఉక్కుకు వాడిన ఆకురాయిని, తీగ బ్రష్‌ను వీటికి వాడకూడదు. వాటి నుంచి రాలిన ఇనుప రేణువులు ఉపరితలంలో దిగబడి, కొన్ని రోజుల్లోనే తుప్పు చుక్కలవుతాయి. స్టెయిన్‌లెస్‌కంటూ విడిగా పనిముట్లు ఉంచుకోవాలి. పని అయ్యాక ఫ్లక్స్‌ను వేడినీటితో పూర్తిగా కడిగి, నిమ్మ ఉప్పు ద్రావణంతో శుద్ధి చేస్తే ఉపరితలం మీది ఇనుము పోయి క్రోమియం పొర సరిగా ఏర్పడుతుంది. స్టెయిన్‌లెస్ ఫ్రేమ్‌లో అల్యూమినియం సీట్ పోస్ట్ పెడితే తుప్పు అల్యూమినియం వైపు పడుతుంది, అది బిగుసుకుని బయటికి రాకుండా పోతుంది. గ్రీజు రాయడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు తీసి తుడవడం ఇక్కడా తప్పదు.

కోయగా మిగిలిన ముక్కలను పారేయనివ్వకండి. వాటిలో మందపు చివరి ముక్కలు రెండు తీసుకుని, ఫ్రేమ్‌కు వాడబోయే పూరకంతో, అదే కోణంలో ఒక నమూనా అతుకు వేయించండి. దాన్ని నిలువుగా కోసి, లోపలి వైపు నల్లబడిందా, పూరకం అంతటా పారిందా, అంచున గీత కనిపిస్తోందా చూడండి. అందులో లోపం కనిపిస్తే వేడినో, ఆర్గాన్ ప్రవాహాన్నో మార్చి ఇంకో ముక్క మీద మళ్లీ వేయించాలి. అది శుభ్రంగా వచ్చాకే అసలు గొట్టాలను జిగ్‌లో (వాటిని కదలకుండా పట్టే చట్రంలో) బిగించమనండి.